పుస్తకం కొనేముందు ఆ పెన్సిల్ గీతలు చదవండి

చెన్నై పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతి ఇది.

ఆవిడ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తారు. ఇంట్లో భర్త, ఆరో తరగతి చదివే కొడుకు, మామగారు. మామగారి సొంతూరు నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఒక పల్లె. రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ఉద్యోగం రావడంతో కుర్రతనంలోనే మద్రాసు వచ్చేశారు, ఇక్కడే రిటైరయ్యారు. చరిత్ర అంటే ఆయనకు ప్రాణం. పొద్దున్నే పేపరు కంటే ముందు ఏదో ఒక చరిత్ర పుస్తకం పట్టుకుని పడక కుర్చీలో వాలతారు. చదివింది కాఫీ తాగుతూ అత్తగారికి చెప్పేవారు. ఆవిడ కూరలు తరుక్కుంటూ వినేవారు. నిరుడు అత్తగారు పోయారు. ఆ తర్వాత ఆయన చదవడం మానలేదు గాని, చెప్పడం మానేశారు.

వచ్చే నెల ఆయనకు డెబ్బై నిండుతాయి. "మీ అత్త లేకుండా శాంతులూ హోమాలూ నాకొద్దు" అన్నారట. నెల్లూరు నుంచి ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు వస్తున్నారు, ఇంట్లోనే భోజనాలు. ఆ రోజు ఆయనకో మంచి పుస్తకం ఇవ్వాలని ఈవిడ కోరిక. కోరికతోపాటు భయం కూడా, ఎందుకంటే ఇంతకుముందు రెండుసార్లు ఇచ్చి మనసు కష్టపెట్టుకున్నారు. మొదటిసారి ఒక చారిత్రక నవల ఇస్తే, చుట్టాలందరి ముందూ "ఇది చరిత్ర కాదమ్మా, కథ. ఆధారం యాడుండాది దీనికి?" అన్నారు. రెండోసారి ప్రపంచ చరిత్ర మీద రంగుల బొమ్మల ఇంగ్లీషు పుస్తకం, రెండున్నర వేలు పెట్టి కొన్నది. "బాగుండాదమ్మా" అని బీరువా మీద పెట్టారు. పైన చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ అలాగే ఉంది.

"నాన్నకి పుస్తకాలు కొనడం మనవల్ల కాదు, పంచెల చాపు తీసుకో" అంటారు భర్త. ట్యాబ్ కొనిస్తే వేల పుస్తకాలు అందులోనే చదువుకుంటాడు కదా అంటాడు మరిది. ఏం కొన్నా ఆయన దగ్గర ముందే ఉంటుందంటుంది ఆడబిడ్డ. ఈవిడ మాత్రం ఒక పని చేశారు. మామగారు వాకింగుకి వెళ్లినప్పుడు హాల్లో అలమర తెరిచి పుస్తకాల పేర్లన్నీ రాసుకుని నాకు పంపారు. ఉత్తరం చివర ఇలా రాశారు: "ప్రతి పుస్తకంలోనూ పెన్సిలుతో గీతలు, మార్జిన్లో ప్రశ్నార్థకాలు. కొన్నిచోట్ల 'ఆధారం?' అని, కొన్నిచోట్ల 'సూయల్ ఇట్లా అనలేదే' అని. చాటుగా చూసినందుకు తప్పు చేసినట్టుంది. ఆయనకు నచ్చే పుస్తకం నేను ఎంచగలనా? అసలు ఆ ప్రయత్నం మానుకోవడమే మంచిదా?"

* * *

అమ్మా, ముందు ఆ బెరుకు సంగతి. హాల్లో నలుగురికీ కనిపించేలా పుస్తకాలు పెట్టుకున్న మనిషి, ఇంట్లోవాళ్లు వాటిని తీసి చూస్తే సంతోషిస్తాడే గాని కోప్పడడు. మీరు ఆ జాబితా పంపకపోయి ఉంటే, చరిత్ర ఇష్టపడే పెద్దవాళ్లకి ఏమివ్వాలని ఎవరడిగినా చెప్పే పేర్లే మీకూ చెప్పి ఉండేదాన్ని. అవన్నీ ఆయన దగ్గర ఉన్నాయి.

చరిత్ర ఇష్టం అని ఒక్క మాటలో అనేస్తాం గాని, ఆ ఇష్టం అందరిలో ఒకేలా ఉండదు. కొందరికి కథ కావాలి. రుద్రమదేవి కోటగుమ్మం దాటి వస్తుంటే కళ్లకు కట్టాలి. కొందరికి తమ ఊరు, తమ జిల్లా పేరు అచ్చులో కనిపిస్తే చాలు. కొందరికి యుద్ధాలు, కోటలు, సేనల లెక్కలు. ఇంకొందరు మాత్రం ఏం చదివినా 'ఇది నీకెలా తెలుసు?' అని అడుగుతూ చదువుతారు. మీ మామగారు ఈ చివరి తరహా. బతుకంతా వోచరు లేని బిల్లును వెనక్కి పంపిన ఉద్యోగి, పుస్తకాన్నీ అదే చూపుతో చదువుతున్నారు. మార్జిన్లో ఆ 'ఆధారం?' అన్న మాట అక్కణ్నుంచి వచ్చిందే.

ఇలా చూస్తే మీ పాత అనుభవాలు రెండూ వేరేగా అర్థమవుతాయి. తెలుగులో మంచి చారిత్రక నవలలకు కొదవ లేదు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి', తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' చదివి చరిత్ర వైపు తిరిగినవాళ్లు ఎందరో ఉన్నారు. చరిత్ర అంటే తేదీలు బట్టీ పట్టడమే అనుకునేవాళ్లకు నేను మొదట చేతిలో పెట్టేది ఇలాంటివే. మీ మామగారికి నవల ఇస్తే మాత్రం ఆయన పేజీ పేజీకీ ఆధారం వెతుకుతారు, దొరక్క విసుక్కుంటారు. ఆ విసుగు మీ మీద కాదు. అయితే చుట్టాల ముందు అలా అనడం ఆయన చేసిన తప్పే. పెద్దాయన కదా అని మీరు దాన్ని ఒప్పుగా మార్చుకోనక్కర్లేదు. బాధ కలిగింది, కలగడం సహజం.

రంగుల పుస్తకం సంగతి ఇంకా తేలిక. పడక కుర్చీలో వాలి చదివే మనిషికి, మీరు రాసినట్టు కంటి ఆపరేషన్ కూడా అయిన మనిషికి, ఒళ్లో నిలవనంత బరువున్న పుస్తకం పనికిరాదు. పైగా కొన్ని వేల ఏళ్ల ప్రపంచాన్ని ఒక సంపుటంలో చెప్పాలంటే శతాబ్దాన్ని రెండు పేజీల్లో దాటేయాలి. ప్రశ్న వేయడానికి ఎక్కడా చోటుండదు. ఆయన పెన్సిలుకు పని దొరకని పుస్తకం అది.

ఇప్పుడు అలమర దగ్గరికి వద్దాం. అన్నిటికంటే నలిగింది, గీతలు ఎక్కువున్నది సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అని రాశారు. అలా ఉండడంలో వింత లేదు. 1949లో వచ్చిన ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగుకు దక్కిన మొదటి అకాడమీ బహుమతి అదే. రాజుల వరుసను పక్కకు జరిపి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పండగపూట ఏ ఆటలాడారు అని అడిగిన పుస్తకం అది. అడిగి ఊరుకోలేదు, ఫలానా కావ్యంలో ఫలానా పద్యం చూడు అని చూపించింది. ఆధారం కళ్లముందే ఉంటే మీ మామగారి లాంటి పాఠకుడికి దాంతో ఒప్పుకోవడమూ సరదాయే, పోట్లాడడమూ సరదాయే.

దాని పక్కనున్న సూయల్ పుస్తకం కూడా అలాంటిదే. రాబర్ట్ సూయల్ మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ సర్వీసు చేసిన ఇంగ్లీషువాడు. విజయనగరం మీద 1900లో వచ్చిన ఆయన పుస్తకంలో, ఆ నగరాన్ని చూసిన పోర్చుగీసువాళ్లు పేస్, నూనిజ్ రాసుకున్న వృత్తాంతాలకు ఇంగ్లీషు అనువాదాలున్నాయి. సూయల్ మాట నమ్మబుద్ధి కాకపోతే పేజీలు తిప్పి పేస్ ఏం చూశాడో నేరుగా చదువుకోవచ్చు. తర్వాత వచ్చిన పుస్తకాల మార్జిన్లలో 'సూయల్ ఇట్లా అనలేదే' అని ఆయన రాసుకుంటున్నారంటే, ఒక సాక్షిని ఇంకో సాక్షితో సరిపోల్చి చూస్తున్నారన్నమాట. చరిత్రకారులు చేసే పని ఇదే.

మీ జాబితాలో ఉన్నవాటికంటే లేనివి నాకు ఎక్కువ పనికొచ్చాయి. రెండు చోట్ల ఖాళీ కనిపించింది.

మొదటిది 1565 తర్వాతి కాలం. విజయనగరం మీద ఆయన దగ్గర పుస్తకాలు చాలానే ఉన్నాయి గాని, మీరు రాసిన పేర్లను బట్టి చూస్తే అన్నీ రాయల వైభవం దగ్గర మొదలై తళ్లికోట యుద్ధంతో ముగిసేవే. 1565 జనవరి 23న అళియ రామరాయలు ఆ యుద్ధంలో చనిపోయాడు, రాజధాని నాశనమైంది. రాజ్యం మాత్రం అక్కడితో అయిపోలేదు. తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండ చేరాడు. ఆ తర్వాత కథ చంద్రగిరికీ వేలూరికీ నడిచింది. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడి సముద్రపు ఒడ్డున స్థలం ఇప్పించిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆ చివరి రాయల కింద అధికారం చేసినవాడే. అంటే మీ మామగారు కుర్రతనంలో రైలు దిగిన మద్రాసుకూ, ఆయన పుట్టిన ఉదయగిరికీ నడుమనున్న కథలో ముఖ్యమైన ముక్క ఆ అలమరలో లేదు.

రెండో ఖాళీ ఆయన సొంత సీమ. నెల్లూరు జిల్లా మీద ఒక్క పుస్తకం లేదు. ఉదయగిరి మామూలు చోటు కాదు. కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల చేతినుంచి ఆ దుర్గాన్ని 1514లో గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్లి గుడి కట్టించాడు. హంపీలో కృష్ణాలయం అదే. ఆ బాలకృష్ణుడు తర్వాత మన చెన్నైకే చేరాడు, ఎగ్మూరు మ్యూజియం సొత్తుగా ఉన్నాడు. మీ మామగారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. తెలియకపోతే మాత్రం, చెప్పే మొదటి మనిషి మీరైతే బాగుంటుంది.

ఇక మీ ముందున్న దారులు. ఏది ఎంచుకున్నా దానివల్ల కలిగే లాభమూ ఇబ్బందీ రెండూ చెబుతాను, నిర్ణయం మీది.

నా మనసు ఎక్కువ మొగ్గేది నెల్లూరు జిల్లా శాసనాల వైపు. అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు కలిసి జిల్లాలోని రాతి శాసనాలు, రాగిరేకులు సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. అందులో శాసనాలు తాలూకాల వారీగా ఉంటాయి. ఉదయగిరి తాలూకాకి విడిగా భాగముంది. శాసన పాఠం, దానికి ఇంగ్లీషు అనువాదం, ఏ ఊళ్లో ఎక్కడ దొరికిందన్న వివరం ఉంటాయి. శాసనం చదవడం అలవాటు లేనివాళ్లకు అది పొడిగా కనిపిస్తుంది. శక సంవత్సరం, దాని పక్కన ప్రభవాది పేరు, మాసం, తిథి, ఎవరు ఎవరికి ఎంత భూమి ఇచ్చారు, తూర్పున ఏ చెరువు, పడమట ఏ పుట్ట, చివర ఈ దానాన్ని హరించినవాడికి ఏ పాపం చుట్టుకుంటుంది. అంతే. కాని మీ మామగారు ఆ మొదటి వరస దగ్గరే ఆగిపోతారు చూడండి. శక 1436 అని ఉంటే 78 కలిపి 1514 అని వేసుకుంటారు, ఆ ఏడు భావ నామ సంవత్సరమా కాదా అని అరవై పేర్లూ లెక్కపెడతారు. సరిపోతే ఒక గీత, సరిపోకపోతే ప్రశ్నార్థకం. ఎల్లల్లో తనకు తెలిసిన చెరువు పేరు వస్తే ఆ రోజంతా ఆ పేజీ దగ్గరే ఉంటారు.

ఇబ్బంది కూడా చెప్పాలి. ఆయన పుట్టిన పల్లె అందులో ఉంటుందన్న భరోసా లేదు. మీరు ఊరి పేరు రాయలేదు కాబట్టి నేను చూసి చెప్పలేను. చుట్టుపక్కల ఊళ్లు ఉండి తన ఊరు లేకపోతే కొందరికి అది చిన్న వెలితి. అందుకే ఇచ్చేముందు మీరే ఒకసారి తిరగేసి చూడండి. పాత ప్రతి కొనుక్కోవడానికి దొరకడం కష్టం. నూరేళ్లు దాటిన పుస్తకం కాబట్టి స్కాన్ ప్రతులు ఇంటర్నెట్లో చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. మూడు సంపుటాలూ అక్కర్లేదు. ఉదయగిరి భాగం, ముందున్న పీఠిక చాలు. పేజీని ఏ4 సైజుకు పెద్దది చేసి ప్రింటు తీయిస్తే ఆయన కళ్లకూ సుఖం. దుకాణంలో కొన్న పుస్తకానికుండే తళుకు దీనికి ఉండదు. చుట్టాలు 'జిరాక్స్ ఇచ్చిందేమిటి' అనుకోవచ్చు, దానికి మీరు సిద్ధపడాలి.

రెండో దారి, విజయనగరం ఖాళీని పూరించడం. ఇక్కడ మీకు ఎంచుకోవడానికి రెండు రకాలున్నాయి. ఒకటి, హెన్రీ హెరాస్ అరవీటి వంశం మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం, 1927లో మద్రాసులోనే అచ్చయింది. 1565 తర్వాత ఏమైందన్నదే దాని విషయం. రెండోది, ఎస్. కృష్ణస్వామి అయ్యంగార్ సంపాదకత్వంలో మద్రాసు విశ్వవిద్యాలయం 1919లో వేసిన విజయనగర చరిత్ర ఆధారాల సంకలనం. కావ్యాల్లో చరిత్రకు పనికొచ్చే భాగాల్ని ఏరి ఒకచోట చేర్చారు. దానికి తరువాయిగా నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య కలిసి 1946లో మరిన్ని ఆధారాలు మూడు సంపుటాల్లో తెచ్చారు. 'ఆధారం?' అని అడిగే మనిషికి ఆధారాలనే ఇవ్వడం కంటే సరైన జవాబు ఏముంటుంది? ఒక ఉదాహరణ చెబుతాను. రాయల కొలువును కళ్లారా చూసినవాడి మాటలా సాగే 'రాయవాచకం' నిజానికి రాయల తర్వాత చాలా కాలానికి పుట్టిన రచన అని పండితులు తేల్చారు. ఏ మాటను ఎంత నమ్మాలి అన్న చర్చ ఇలాంటిచోట మొదలవుతుంది. ఆయనకు కావలసింది ఆ చర్చే.

అయితే ఇవి చదువుకునే పుస్తకాలు, కూర్చుని పని చేసే పుస్తకాలు. మనసు బాగున్న మనిషి వీటిలో పడితే ఏడాది బయటికి రాడు. భార్య పోయి ఏడాదైన మనిషి ఇంకాస్త లోపలికి ముడుచుకుపోయే ప్రమాదం కూడా ఉంది. మీ ఇంట్లో ఆయన తీరు ఎలా ఉందో మీకే తెలుసు. మాట కలిపితే మాట్లాడుతున్నారా, లేదా భోజనం కూడా కుర్చీ దగ్గరికే తెప్పించుకుంటున్నారా? రెండోదైతే ఈ సంపుటాలు ఇప్పుడొద్దు.

ఈ పాత పుస్తకాల రీప్రింట్లు కొనేటప్పుడు జాగ్రత్త. వందేళ్ల నాటి పుస్తకాన్ని స్కాన్ చేసి, సరిచూడకుండా అచ్చుగుద్ది అమ్మేస్తున్నవి చాలా ఉన్నాయి. మడత పటాల్లో సగమే వస్తుంది, శాసనం అంకెలు చెరిగిపోయి ఉంటాయి, మధ్యలో పేజీలు లేచిపోతాయి. అట్ట మాత్రం మెరుస్తుంటుంది. చదివేవాడి పట్ల ఇంత అశ్రద్ధ చూస్తే నాకు బాధేస్తుంది. వీలైతే చేత్తో పట్టుకుని చూశాకే కొనండి. ముందు చివరి పేజీలు తిప్పండి, పదసూచిక ఉందా లేదా. ఉంటే అందులో 'ఉదయగిరి' వెతికి ఆ పేజీకి వెళ్లండి. అక్కడ చెప్పినదానికి శాసనమో, గ్రంథమో పేరు చూపించారా? విజయనగరం మీద కొత్త పుస్తకం కొంటుంటే ఇంకో పరీక్ష పెట్టండి. 1565 అధ్యాయం ఒక్కటీ నిలబడి చదవండి. రామరాయలు అంతకుముందు దక్కన్ సుల్తానుల తగాదాల్లో ఒకరి పక్షాన ఒకసారి, ఇంకొకరి పక్షాన ఇంకోసారి చేరిన సంగతి అందులో ఉందా? అది వదిలేసి, ఒక్కసారిగా ఏకమై మీద పడ్డారని మాత్రమే రాస్తే ఆ పుస్తకాన్ని మీ మామగారు మూడో రోజుకే పక్కన పడేస్తారు.

మూడోది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మీ జాబితాలో ఇది లేకపోవడం నాకు ఆశ్చర్యం. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పే ఉద్యోగి. 1830 మేలో పెద్ద పరివారంతో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. దారి పొడుగునా ఏ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, ఏ అధికారి ఎలా నడుచుకున్నాడు అని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసి పంపాడు. ఆ పిళ్లై 1838లో దాన్ని అచ్చువేయించాడు. వీరాస్వామయ్య ప్రయాణం మొదలైన తండయారువీడు, మాధవరం మీ పెరంబూరుకు పక్కనే ఉన్నాయి. కళ్లతో చూసిన మనిషి రాసింది కాబట్టి ఆధారం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. రోజుకింత చొప్పున చదువుకోవచ్చు, ఎక్కడ ఆపినా నష్టం లేదు.

ఇందులో ఇంకో మేలుంది. మీ అబ్బాయికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదని బాధపడ్డారు. ఈ పుస్తకం తాత చదువుతుంటే మనవడు వినగలిగేది. పాత వ్యావహారికం కాబట్టి మాట మాటకీ ఆగి చెప్పాల్సి వస్తుంది. అయితే వాడు వింటాడని ముందే అందరిముందూ ప్రకటించకండి. పదకొండేళ్ల పిల్లాడు రెండు రోజులు కూర్చుని మూడో రోజు క్రికెట్‌కి పోతే ఆయన మళ్లీ చిన్నబుచ్చుకుంటారు. పుస్తకం ఆయనకివ్వండి, వాడంతట వాడే వస్తే రానివ్వండి.

నాలుగో దారి ఆయన్నే అడగడం. 'మామయ్యా, మీకేం కావాలో నాకు తెలియడం లేదు, మీరే ఎంచండి' అని ఒక శనివారం తీసుకెళ్లడం. పాంథియన్ రోడ్డులో కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు పాత పుస్తకాలు అక్కడ చూడొచ్చు. ఎగ్మూరు మ్యూజియం అదే ఆవరణ. అమరావతి శిల్పాలు ఎలాగూ ఉన్నాయి, బాలకృష్ణుడు ప్రదర్శనలో ఉన్నాడో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు. ఈ దారిలో ఆశ్చర్యపరచడం అన్నది పోతుంది, పుట్టినరోజున చేతిలో పెట్టడానికి ఏమీ మిగలకపోవచ్చు. దానికి బదులుగా తప్పు పుస్తకం ఇచ్చే భయం పోతుంది, ఒక పూట ఇద్దరూ కలిసి తిరుగుతారు. నిజం చెప్పాలంటే, డెబ్బై ఏళ్ల చరిత్ర ప్రేమికుణ్ని 'నీకేం కావాలి' అని అడిగేవాళ్లు చాలా తక్కువమంది. అందరూ ఊహించి కొనేస్తారు.

ట్యాబ్ సంగతి మరిది చెప్పింది పూర్తిగా కొట్టిపారేయలేను. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, పాత పుస్తకాల స్కాన్లు వందలకొద్దీ దొరుకుతాయి. కాని పెన్సిలుతో మార్జిన్లో రాసే అలవాటున్న మనిషికి అది చేతులు కట్టేసినట్టుంటుంది. రాత్రి మసక వెలుతురులో తెర చూడడం ఆపరేషనైన కంటికి ఎంతవరకు మంచిదో డాక్టరుని అడిగాకే కొనండి. కొన్నా అది పుస్తకానికి తోడుగా ఉండాలి.

ఇప్పుడు అసలు కష్టం గురించి. మీరు ఉత్తరంలో అత్తగారి గురించి రాసింది కొద్ది మాటలే, కాని నా కళ్లు వాటి మీదే ఆగాయి. ఆయన చదివింది వినడానికి ఒక మనిషి ఉండేవారు, ఇప్పుడు లేరు. ఆ చోటును ఏ పుస్తకమూ పూరించదు. అలాగని ఆ చోటు మీరు తీసుకోవాలనీ నేను అనను. పెరంబూరు నుంచి ఓఎంఆర్ వెళ్లి వచ్చే మనిషికి పొద్దున కాఫీ వేళ ఎలా గడుస్తుందో నాకు తెలుసు. రోజూ వింటానని మొదలుపెట్టి నాలుగు రోజులకు ఆపేస్తే అసలు మొదలుపెట్టకపోవడమే నయం అనిపిస్తుంది ఆయనకు. ఆదివారం పొద్దున్నే ఒక అరగంట మీరు నిలబెట్టుకోగలరా? నిలబెట్టుకోగలిగితే అదే చేయండి, ఆ మాట పైకి చెప్పకుండా చేయండి. వీలు కాదనుకుంటే అదీ తప్పు కాదు. మీ భర్తకి చెప్పండి. తండ్రి ఆయనది. 'నాన్నకి పుస్తకాలు కొనడం మనవల్ల కాదు' అన్న మనిషి, పుస్తకం కొనకపోయినా ఆదివారం పక్కన కూర్చుని వినగలడు.

విన్నప్పుడు 'అవునా' అని తలూపడం కంటే ఒక ప్రశ్న అడగండి. మీకు చరిత్ర రాదని సంకోచం వద్దు. 'మామయ్యా, ఈ పేజీలో ప్రశ్నార్థకం పెట్టారు, ఎందుకు?' అని అడిగితే చాలు, ఆయనకు అరగంట సరిపోదు. అలమర చూశారని అప్పుడు తెలిసిపోతుందేమో అని మీరు భయపడొచ్చు. తెలియనివ్వండి. తన గీతలు ఎవరో చదివారని తెలిస్తే ఆయనకు కష్టం కలగదు.

ఇవ్వడం ఎప్పుడన్నది కూడా ముఖ్యం. పుట్టినరోజు భోజనాల దగ్గర, ఆడబిడ్డల ముందు ఇవ్వకండి. పదిమందిలో ఉన్నప్పుడు కొందరు పెద్దవాళ్లు తమకు తెలిసింది చూపించుకోవాలని తొందరపడతారు, ఎదుటివాళ్ల మనసు అప్పుడు గుర్తుండదు. ముందు రోజు సాయంత్రం, చుట్టాలు దిగకముందు, ఆయన కుర్చీలో ఉన్నప్పుడు ఇవ్వండి. 'మీ మార్జిన్లో ఆధారం ఆధారం అని రాస్తుంటారు కదా, కొన్ని తెచ్చాను' అంటే చాలు. ఆ పూటకి ఆయన ఏమీ అనకపోవచ్చు. మెచ్చుకోలు కోసం ఎదురుచూడకండి. పొద్దున్నే పెన్సిలు ఎక్కడుందో చూసుకోండి.

ఇన్నిట్లో నన్ను ఒకటి ఎంచమంటే, మొదట ఉదయగిరి శాసనాలు, దానితోపాటు 'కాశీయాత్ర చరిత్ర'. ఒకటి కూర్చుని పని చేయడానికి, ఒకటి వాలి చదువుకోవడానికి. రెండోది విజయవాడ, హైదరాబాదు ప్రచురణకర్తల దగ్గర అడిగి తెప్పించుకోవాలి, పోస్టులో రావడానికి వారం పది రోజులు వదిలిపెట్టుకోండి. అది ఆయన దగ్గర ఎక్కడో అడుగున ఉండి ఉంటే మార్చుకునేలా దుకాణంవాళ్లతో ముందే మాట్లాడుకోండి. వీటికి ఆయన ఎలా స్పందిస్తారో చూశాక, హెరాస్ పుస్తకమో ఆధారాల సంపుటాలో సంక్రాంతికి ఇవ్వొచ్చు. జనవరి ప్రాంతంలో చెన్నై పుస్తక ప్రదర్శన కూడా ఉంటుంది, ఇద్దరూ వెళ్లి చూసి కొనుక్కోవచ్చు. తెలుగు పుస్తకాలు అక్కడ ఎక్కువ కనిపించవు గాని, ఆయనకు ఇంగ్లీషు చదవడం ఇబ్బంది లేదన్నారు కదా.

శాసనాల ప్రింటు పని మాత్రం ఈ శనివారమే పెట్టుకోండి. ట్రిప్లికేన్‌లోనో ప్యారిస్ కార్నర్ దగ్గరో బైండింగ్ చేసేవాళ్లకి ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పండి. ప్రతి ప్రింటు కాగితం తర్వాత ఒక తెల్లకాగితం పెట్టి కుట్టమనండి, ఆయన రాసుకోవడానికి. జిగురు బైండింగ్ వద్దు, దారంతో కుట్టిన క్యాలికో (గుడ్డ అట్ట) బైండింగే అడగండి. ఒళ్లో పెట్టుకుంటే పుస్తకం పూర్తిగా విప్పుకుని నిలవాలి.